అక్రోట్ పప్పు కొన్నాళ్లు ఉండదు, ఎందుకో చెబుతాను

మా వన్‌టౌన్ కొట్టులో డ్రైఫ్రూట్స్ కొనేవారందరికీ నమస్కారం. ఒలిచిన అక్రోట్ పప్పు అమ్మడం ఆపేశాం. కశ్మీర్ కొత్త పంట వచ్చేదాకా, అంటే దసరా, దీపావళి దాకా ఇంతే. "లేదండీ" అని ఒక్క ముక్కలో పంపేస్తున్నామని కొందరు నొచ్చుకున్నారట. అందుకే రాస్తున్నాను.

మొన్న వచ్చిన సరుకు పెట్టె తెరవగానే పాత నూనె కనరు వాసన కొట్టింది. నోట్లో వేసుకుంటే గొంతులో చేదు పట్టుకుంది. మా నాన్నగారి కాలం నుంచి పంపుతున్న పార్టీ అది. ఫోన్ చేస్తే, "అక్రోట్ నిండా యాంటీఆక్సిడెంట్లే, చెడిపోయే సరుకు కాదు. కాస్త వేయించి కలిపేయండి, ఎవరూ కనిపెట్టరు" అన్నాడు. ఆ వాసన కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బెజవాడ వాళ్లకు రుచి తెలియదనా, నాకు సిగ్గు లేదనా?

అక్రోట్‌లో యాంటీఆక్సిడెంట్లు ఉన్న మాట నిజమే. చాలా భాగం పప్పును అంటుకున్న పల్చటి గోధుమరంగు పొరలో ఉంటాయి. కానీ పప్పు బరువులో దాదాపు 65 శాతం నూనే, అదీ గాలి తగిలితే తొందరగా పాడయ్యే రకం. యాంటీఆక్సిడెంట్లు ఆ నూనెను కాపాడుతూ తామే ఖర్చయిపోతాయి. పెంకు తీసి, ముక్కలు చేసి, రోహిణి కార్తె ఎండలో లారీలో పడేస్తే ఆ పొర మాత్రం ఎన్నాళ్లు కాస్తుంది?

సరుకు వెనక్కి పంపడానికి క్షణం ఆలోచించలేదు. వేరేచోట కొనడమా, పూర్తిగా ఆపడమా అన్నదే నిద్ర పట్టనివ్వలేదు. కశ్మీర్‌లో కోత సెప్టెంబరు ప్రాంతంలో. ఇప్పుడు దొరికే కశ్మీర్ పప్పు ఎవరి దగ్గర కొన్నా నిరుటిదే. "అక్రోట్ కోసం పక్క కొట్టుకు పోయినవాళ్లు బాదం కూడా అక్కడే కొంటారు" అని మా ఆవిడ టెన్షన్ పడింది. ఆమె అన్నదీ నిజమే. అయినా నాకు మనసొప్పలేదు. చిలీలో కోత మార్చి, ఏప్రిల్‌లలో అవుతుంది కాబట్టి ఆ కాయలు పెంకుతోనే తెప్పిస్తున్నాం. కౌంటర్ దగ్గరే పగలగొట్టి ఇస్తాం. లోపల పాడైన కాయ మీ తూకంలోకి రాదు. ఇంటికి తీసుకెళ్లిన పప్పు మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఫ్రిజ్‌లో పెట్టండి.

అదే పార్టీ పంపిన ఆలివ్ సీసాల మీద "క్రిములను చంపుతుంది" అని స్టిక్కర్లున్నాయి. అన్నీ పీకించాను. పచ్చి ఆలివ్‌కు చేదునిచ్చే ఒలియురోపిన్ ప్రయోగశాలలో కొన్ని బ్యాక్టీరియాలను పెరగనివ్వదు, నిజమే. తినడానికి వీలుగా చేదు తీసేటప్పుడు దానిలో చాలా భాగం పోతుంది. సీసాలో కాయను నిలవ ఉంచేది ముఖ్యంగా ఉప్పునీళ్లు, పులుపు. కడుపులో ఇన్ఫెక్షన్ ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆలివ్‌ను రుచి కోసం కొనండి.

మిగతా సరుకులు, ధరలు ఎప్పటిలాగే. రేటు తగ్గిస్తానని ఆ పార్టీ మళ్లీ ఫోన్ చేశాడు. ఉచితంగా ఇచ్చినా దించుకోనని చెప్పేశాను.