పల్లీలు మానేస్తే గడ్డ కరగదండి

ఎడిటర్ గారికి, లివర్ కాన్సర్ కణాలు ప్రోటీన్‌లో ఉండే ఆర్జినైన్ అనే అమైనో యాసిడ్‌ని లోపల పోగేసుకుని పెరుగుతాయని 2023లో స్విట్జర్లాండ్‌లో బాసెల్ యూనివర్సిటీ వాళ్ళు ఎలకల్లో చూపించారు, నిజమే. దాన్ని పట్టుకుని వాట్సాప్‌లో ఆర్జినైన్ ఉంటుంది కాబట్టి పల్లీలు, గుడ్లు, పప్పు మానెయ్యమని తిప్పుతున్నారు. మా నాన్నకి అలాగే మూణ్ణెల్లు చారన్నమే పెట్టాం, పిక్కలు కరిగిపోయి బాత్రూం దాకా కూడా నడవలేకపోయారు, గడ్డ మాత్రం తగ్గలా. లివర్ కాన్సర్ వచ్చినవాళ్ళలో చాలామందికి సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోయే జబ్బు) కూడా ఉంటుంది, అలాంటివాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని యూరప్ గైడ్‌లైన్సే చెప్తున్నాయి, అంటే 60 కిలోల మనిషికి కనీసం 72 గ్రాములు, గుడ్డులో ఉండేదేమో 6! రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదన్నా తినాలట, ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. మీ హెల్త్ పేజీలో ఎలకల వార్త వేసినప్పుడు పక్కనే ఇదీ వెయ్యండి.

- ఒక పాఠకుడు, గుంటూరు