లిథువేనియా హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ,

2025 సెప్టెంబరు 11న బెలారస్ జైళ్లలోంచి 52 మందిని మీ సరిహద్దుకు తెచ్చారు. పేరుకే విడుదల, జరిగింది దేశబహిష్కారం. చాలామందిని పాస్‌పోర్టు కూడా లేకుండా పంపారు. బెలారస్ ప్రతిపక్ష నేత మికోలా స్తత్కేవిచ్ అయితే దాటనని వెనక్కి తిరిగారు. ఆ పెద్దాయన మొండితనానికి దండం పెట్టాలి.

బెలారస్ నుంచి ముందే వచ్చినవాళ్లదీ ఇదే పాస్‌పోర్టు టెన్షన్. విదేశాల్లోని బెలారస్ ఎంబసీలు పాస్‌పోర్టులు ఇవ్వకూడదని 2023 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు లుకషెంకో డిక్రీ తెచ్చారు. గడువు తీరితే స్వదేశం వెళ్లి తెచ్చుకోవాలట. వెళ్తే మళ్లీ జైలే కదా!

చేతిలో కాగితం లేనివాళ్లకి అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. జైల్లో చెడిన ఆరోగ్యం ఆ కాగితం వచ్చేదాకా ఆగదు.

వచ్చిన వారంలోనే తాత్కాలిక నివాస పత్రం, వైద్య బీమా ఇప్పించండి. గడువు తీరిన పాస్‌పోర్టును గుర్తింపుగా ఒప్పుకోమని బ్యాంకులకు చెప్పండి.

— విల్నియస్‌లో ఉంటున్న ఓ తెలుగువాడు