మంచిర్యాల నుంచి మనవరాలు వచ్చే దారి

హన్మకొండ,
ఆదివారం రాత్రి

చిన్నోడా,

శనివారం పాపను తీసుకొని వస్తున్నావని తెలిసినప్పటి నుంచి మీ అమ్మకు కాలు నిలవడం లేదు. ఆదివారం భోజనాలకు మనవాళ్లందరికీ చెప్పేసింది. అది నువ్వు నెత్తిన పెట్టుకోకు. ఈ బుధవారం ఆరు వారాల టీకాలు వేయిస్తారు కదా. అందులో పెంటావాలెంట్ అనే టీకా పడ్డాక ఒకటి రెండు రోజులు చాలామంది పిల్లలకు ఒళ్లు వెచ్చబడుతుంది, సూది వేసిన తొడ ముట్టుకుంటే ఏడుస్తారు. శుక్రవారం సాయంత్రానికి జ్వరం లేకుండా, మామూలుగా పాలు తాగుతుంటేనే బయలుదేరు. లేదంటే ఆగిపో. వంటాయనకు వద్దని ఫోన్ చేయడం నాకు నిమిషం పని.

ఫోన్లో చెబుతుంటే "సరే బాపూ, సరే బాపూ" అంటావు, సగమే వింటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. పసిపిల్లల సంగతి డాక్టర్లు చెప్పేది, రోడ్డు సంగతి ఆర్టీసీలో స్టీరింగ్ పట్టినవాడిగా నాకు తెలిసింది. రెండూ కలిపి రాస్తున్నా. చదివి కోడలికి కూడా ఇవ్వు.

ముందు ఆ సీటు ముచ్చట. నువ్వు కొన్న బేబీ సీటు ఇంకా డబ్బాలోనే ఉందట. "పసిగుడ్డును ఆ ప్లాస్టిక్ తొట్టిల కట్టేస్తరా, నా ఒళ్లో పెట్టుకుంట" అని మీ అత్తగారు అన్నారట. ఆమెది ప్రేమ, దానికి ఎదురు మాట్లాడి బాధపెట్టకు. ఈ లెక్క మాత్రం కూర్చోబెట్టి చెప్పు. కారు 50 కిలోమీటర్ల స్పీడులో పోతూ దేనికో గుద్దుకుని అర మీటరులోపు ఆగిపోయిందనుకో. ఆ క్షణాన లోపలున్న మనిషి మీద తన బరువుకు దాదాపు 20 రెట్ల బలం పడుతుంది. పాప 4.5 కిలోలుంటే అప్పుడు 90 కిలోలన్నమాట. వడ్ల కొనుగోలు సెంటర్లో 40 కిలోల బస్తాలు తూకం వేస్తారు చూడు, అలాంటివి రెండు దాటి ఒక్కసారి చేతుల్లోంచి లాగినట్టు. అత్తగారు కాదు, పహిల్వాన్ అయినా ఆపలేడు. పైగా పెద్దవాళ్ల ఒళ్లు వెనక నుంచి వచ్చి బిడ్డ మీదే పడుతుంది. తల్లికీ బిడ్డకూ కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం, మధ్యలో నలిగేది పాపే.

చట్టమూ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అని సెక్షన్ చేర్చారు. 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతోగానీ పిల్లల సీటుతోగానీ కట్టి ఉంచకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మన దారిలో ఎవరినైనా ఆపి దీని గురించి అడగడం నేను చూడలేదు, అది వేరే సంగతి.

సీటు వెనక వరుసలో, పాప ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేలా పెట్టాలి. ఇది ఒక్కటి తారుమారైతే మిగతావన్నీ దండగ. ఈ వయసు పిల్లలకు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, దాన్ని మోసే మెడకు బలం ఉండదు. ముందుకు చూస్తూ ఉంటే దెబ్బ తగిలినప్పుడు ఒళ్లు బెల్టు దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు విసురుకుపోతుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపు, మెడ, తల మూడూ ఒకేసారి సీటుకు ఆనుకుంటాయి. కళ్ల ముందు ఉంటుందని డ్రైవర్ పక్క సీట్లో పెట్టాలనిపిస్తుందేమో, అస్సలొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే సరిగ్గా ఆ సీటు వీపు మీదే కొడుతుంది. వెనక కూడా ఎడమవైపు పెట్టు. పాపను ఎత్తుకోవడానికి తలుపు తీస్తే రోడ్డు పక్కకు తెరుచుకుంటుంది, లారీల వైపు కాదు.

బిగించే పని శనివారం తెల్లవారుజామున చీకట్లో పెట్టుకోకు, శుక్రవారం పగలే తీరిగ్గా కానివ్వు. మీ కారు వెనక సీటు సందులో ఐసోఫిక్స్ అని, బేబీ సీటు తగిలించే కొక్కేలు ఉండాలి, వేలు పెట్టి తడుముతే తగులుతాయి. సీటుకు ఆ అమరిక ఉంటే "టక్" మని పడేదాకా నొక్కు. లేకపోతే కారు బెల్టుతోనే, దాని పుస్తకంలో బొమ్మ చూపించిన దారిలో తిప్పు. తర్వాత బెల్టు పోయే చోట పట్టుకుని అటూ ఇటూ ఊపు. అంగుళానికి మించి కదిలితే మళ్లీ మొదటికి రా. పాపను పడుకోబెట్టాక భుజాల పట్టీలు భుజం ఎత్తులోనో, కాస్త కిందనో ఉన్న రంధ్రాల్లోంచి రావాలి, భుజం పైనుంచి కాదు. బిగించాక పట్టీని భుజం దగ్గర బొటనవేలు, చూపుడు వేలుతో గిల్లి చూడు. మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టు. గిల్లడానికి ఏమీ దొరక్కుండా వేళ్లు జారిపోతే సరిపోయినట్టు. దీన్ని మీ అత్తగారితోనే చేయించు. తన చేత్తో బిగిస్తే ఆమెకూ నమ్మకం కుదురుతుంది.

ఇక ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని మీ అమ్మ కుట్టి పంపిందే, అది ఇంట్లోనే ఉంచండి. సీట్లో తల కింద పెడితే తల ముందుకు వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. అంత చిన్న ప్రాణానికి గొంతు గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి అలా వంగితే ఊపిరి ఆడదు, ఏడవడానికి కూడా గాలి ఉండదు కనుక మనకు తెలియనే తెలియదు. అందుకే సీటు వాలు కూడా చూసుకో. చాలా సీట్లకు పక్కన వాలు చూపించే గీతో, బుడగో ఉంటుంది. తల పక్కలకు వాలిపోతుంటే పట్టీలు బిగించాక రెండు వైపులా పల్చని గుడ్డ చుట్టలు పెట్టొచ్చు, తల వెనక మాత్రం ఏదీ వద్దు. పొత్తిగుడ్డలో చుట్టి కూర్చోబెట్టడం, పట్టీ కింద దుప్పటి వేయడం కూడా వద్దు, పట్టీ బిగిసినట్టే ఉంటుంది కానీ బిగియదు. చలిగా ఉంటే పట్టీల పైనుంచి పల్చటి బట్ట నడుము దాకా కప్పండి.

మెడలో నల్లతాడు ఉంటే ప్రయాణం వరకు తీసి చేతికి కట్టండి. దిష్టి చుక్క అరికాలికి పెట్టినా పనిచేస్తుందని మీ నానమ్మే అనేది. కళ్లకు కాటుక వద్దని డాక్టర్లు ఎలాగూ చెబుతున్నారు. కారులో నువ్వు వేలాడదీసిన ఆ సెంటు డబ్బా కూడా తీసెయ్, నాకే తలనొప్పి వస్తుంది దాంతో.

రాత్రిపూట వస్తే చల్లగా ఉంటుంది, పాప నిద్రపోతుంది అని ఎవరైనా సలహా ఇస్తారు. నిజమే, పాప నిద్రపోతుంది, నువ్వూ నిద్రపోతావు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య కన్ను ఎలా మూతపడుతుందో స్టీరింగ్ పట్టినవాళ్లను అడుగు. పొద్దున అయిదున్నరకు, వెలుతురు పడుతుండగా కదులు. రామగుండం వైపు ఎండ సంగతి నీకు చెప్పాలా, తొమ్మిది దాటితే మే నెల నిప్పులే. కదలడానికి ముందు ఏసీ వేసి కారు చల్లబరిచి, అప్పుడు పాపను ఎక్కించు. ఆ గాలి నేరుగా ముఖానికి కొట్టకూడదు, 25, 26 దగ్గర ఉంచితే చాలు. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి. మెడ వెనక చేయి పెట్టి చూడాలి. అక్కడ చెమట పట్టి ఉంటే ఉక్కపోస్తున్నట్టు. కిటికీకి జాలీ తెర అతికించు. సీటు మీద చీర కొంగో, టవలో కప్పొద్దు, లోపల గాలి ఆడక వేడెక్కుతుంది.

ఆగినప్పుడు "నిద్రపోతోంది కదా, రెండు నిమిషాలే" అని కారులో ఒంటరిగా వదలొద్దు. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్దగా తేడా ఉండదు.

బండి కదలకముందే నువ్వు మనసులో ఒకటి పెట్టుకోవాలి. బస్సుకు టైమ్ టేబుల్ ఉంటుంది, ఈ ప్రయాణానికి లేదు. ఆ సీట్లో ఏకబిగిన రెండు గంటలు దాటి ఉంచొద్దంటారు. ఇంత చిన్నదానికి నన్నడిగితే గంటకోసారి తీసి చదునుగా పడుకోబెట్టడమే మేలు. గోదావరిఖనిలో బొగ్గు లారీల మధ్య ఆగకు. పెద్దపల్లి దాటాక ఏదైనా పెద్ద పెట్రోల్ బంకు, తర్వాత కరీంనగర్, ఆ తర్వాత హుజూరాబాద్. రోడ్డు అంచున మాత్రం ఎక్కడా ఆపకు. కరీంనగర్ కేబుల్ బ్రిడ్జి మీద ఫొటోలు ఇంకోసారి దిగొచ్చు. అక్కడి నుంచి ఇటు రోడ్డు పనులు జరుగుతుంటే డైవర్షన్లు, గుంతలు ఉంటాయి, మెల్లగా దించు.

పాలు పట్టేది బండి ఆగాకే. కదులుతుండగా పాప కోసం కోడలు బెల్టు తీసి వంగడం, పాపను బయటికి తీయడం రెండూ వద్దు. తాగాక భుజం మీద వేసుకుని తేన్పు వచ్చేదాకా నిమరండి, వెంటనే బిగించి పడుకోబెడితే కక్కుతుంది. ఎండకు గొంతు ఎండుతుందని ఎవరూ చెంచాతో నీళ్లు పోయొద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే, వేసవిలో కూడా. నాలుకకు తేనె రాయడం అసలే వద్దు. నీళ్లు తాగాల్సింది కోడలు. బాత్రూమ్‌కు దిగాలని మొహమాటంతో తాగకుండా కూర్చుంటుంది, నువ్వే అడిగి ఆపు. ఆపరేషన్ అయి ఆరు వారాలే కదా, బెల్టు నడుము పట్టీ కుట్ల మీద కాకుండా తుంటి ఎముకల మీదికి వచ్చేలా కిందికి జరుపుకోమను.

దారిలో పాప ఏడుస్తుంది. ఏడవనీ. కారులో పసిపిల్ల ఏడుస్తుంటే డ్రైవర్ కాలు తనకు తెలియకుండానే యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది, అది గుర్తు పెట్టుకో. వెనక ఇద్దరు ఆడవాళ్లున్నారు, చూసుకుంటారు. నువ్వు వెనక్కి తిరగకు. మంచి చోటు చూసి ఆపు. కానీ పాలు తాగకుండా నీరసంగా పడి ఉన్నా, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగసిపడుతున్నా, పెదాలు నీలంగా మారినా, జ్వరం 100.4 దాటినా మన ఇంటిదాకా తేవాలని చూడకు. పెద్దపల్లి, కరీంనగర్ ఏది దగ్గరైతే అక్కడి ఆసుపత్రికి తిప్పు, 108కి చెయ్యి. టీకాల కార్డు కోడలి చేతి సంచిలో ఉండాలి, డిక్కీలో కాదు.

వియ్యపురాలు పెట్టే పిండివంటల స్టీలు డబ్బాలు, నీళ్ల క్యాన్లు అన్నీ డిక్కీలోకి. వెనక అద్దం దగ్గర ఒక్క వస్తువు పెట్టినా సడన్ బ్రేకుకు అది ఎగిరి వచ్చేది పాప ముఖం మీదికే.

మీ అమ్మ మాత్రం రైల్లో రమ్మంటోంది, మంచిర్యాల నుంచి కాజీపేటకు నేరుగా బండ్లున్నాయని. ఏసీ బెర్తు దొరికితే నాకూ అభ్యంతరం లేదు, స్టేషన్‌కు వస్తాను. నిర్ణయం కోడలిది.

ఇంకొకటి. ఇంటి ముందు దిగాక నిద్ర చెడుతుందని సీటుతో సహా తెచ్చి హాల్లో పెట్టేరు. వద్దు, తీసి వెల్లకిలా పరుపు మీద పడుకోబెట్టాలి. మీ గదిలో మంచం మీద మెత్తని దిండ్లన్నీ తీయించాను. గేటు దగ్గర దిష్టి తీయడానికి పక్కింటివాళ్లు కూడా వస్తామన్నారు. అయిదు నిమిషాలకు మించి ఎండలో నిలబెట్టరు, ఆ పూచీ నాది.

హుజూరాబాద్ దాటాక కోడలితో ఫోన్ చేయించు, నువ్వు చేయకు.

మీ బాపు

తా.క. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో శుక్రవారమే చూసుకో. స్టెప్నీలో గాలి కూడా.