ఏడున్నరకి వచ్చే మెసేజ్

చిరంజీవి నానికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. తాతయ్యకి దగ్గు తగ్గింది. పెరట్లో మునగ విరగకాసింది, వీధంతా పంచాను. నీ మెసేజ్ రోజూ ఏడున్నరకి ఠంచనుగా అందుతోంది.

స్కూల్లో బోనఫైడ్ సర్టిఫికెట్ల కోసం జనం వస్తూనే ఉన్నారు. సంక్రాంతికి నువ్వు కంప్యూటర్లో ఎక్కించిన, మన బదులు టైపు చేసిపెట్టే ఆటోహాట్‌కీ పుణ్యమా అని చేతులు నొప్పెట్టడం లేదు. 'బీఎన్' అని కొట్టి స్పేస్ నొక్కగానే వాక్యం మొత్తం వచ్చి కూర్చుంటోంది. ఏం మంత్రం వేశారమ్మా అన్నారు హెడ్మాస్టరు గారు. రెండు కోలన్లు, పొట్టి మాట, మళ్ళీ రెండు కోలన్లు, పక్కన అసలు వాక్యం, అంతేనండీ అన్నాను.

మొన్న బుజ్జి వచ్చింది. అన్నయ్య మెసేజ్ కూడా దానంతటదే వెళ్ళేలా రాసిపెట్టిన స్క్రిప్టే అయ్యుంటుంది పెద్దమ్మా అంది. నేను నమ్మలేదులే. కాకపోతే 22 రోజులుగా 'బీపీ మాత్ర వేసుకున్నావ' అని దీర్ఘం లేకుండానే వస్తోంది. ఒకరోజైనా దీర్ఘం పడాలి కదా.

ఆ ఫీజుల రోజు గుర్తుందా? 64 మందివి ఎక్కించాలి, ఆ పనీ ఆటోహాట్‌కీ స్క్రిప్టుకే అప్పజెప్పాను. ఎక్సెల్లో కాపీ, ఆల్ట్ ట్యాబ్, ఫీజు సాఫ్ట్‌వేర్లో పేస్ట్, ఎంటర్, మళ్ళీ వెనక్కి. మధ్యలో స్లీప్ 500, అంటే అర సెకను ఆగడం. నొక్కేసి టీకి వెళ్ళాను. పంతొమ్మిదో పిల్లాడి దగ్గర ఏదో అప్‌డేట్ బాక్సు పైకి వచ్చిందట. వాడి డబ్బు ఆ బాక్సులో పడి పోయింది. ఇరవయ్యో వాడిది పంతొమ్మిదో వాడి పేర, ఇరవై ఒకటో వాడిది ఇరవయ్యో వాడి పేర, అలా చివరిదాకా. నేను వచ్చేసరికి కిటికీలు టపటపా మారుతున్నాయి, మౌసు మాట వినడం లేదు. కంగారులో ప్లగ్ పీకాను. యూపీఎస్ ఉందిగా, శుభ్రంగా నడుస్తూనే ఉంది! రసీదు పుస్తకం ముందేసుకుని రాత్రి ఎనిమిదింటిదాకా దిద్దాను. మీ నాన్న అన్నం తినకుండా గేటు దగ్గరే నిలబడ్డారు. స్లీప్‌ని నమ్మకు, విన్‌వెయిట్‌యాక్టివ్ పెట్టి ఆ విండో వచ్చేదాకా ఆగమని చెప్పు, ఎస్కేప్ నొక్కితే ఎగ్జిట్‌యాప్ అయ్యేలా, అంటే స్క్రిప్టు ఆగిపోయేలా ఒక లైను రాయి అని ఆ రాత్రి ఫోనులో గంటసేపు చెప్పావు. గంటసేపు!

ఇప్పుడు రెండూ పెట్టాను. అయినా పక్కన కూర్చునే నడుపుతున్నాను. తెర మీదికి ఏం వచ్చిందో దానికేం తెలుస్తుంది? నీకు లెక్చర్లు ఇవ్వకూడదనే మొదలుపెట్టాను కానీ, పని తగ్గించుకునేది ఎందుకో కూడా చూసుకోవాలి నాన్నా. మిగిలిన టైములో నిద్రపోతున్నావా, ఆ ఫోనే చూస్తున్నావా? కళ్ళకింద నలుపు సంక్రాంతికే చూశాను.

బుధవారం పొద్దున వంటింట్లోకి పాము దూరిందని నీకు రాశాను. మర్నాడు ఏడున్నరకి 'టిఫిన్ చేశావా, బీపీ మాత్ర వేసుకున్నావ' అనే వచ్చింది.

శేషు గారబ్బాయి చేత నెయ్యి, కందిపొడి పంపుతున్నా. నెయ్యి డబ్బా మూతకి టేపు వేశాను, పడుకోబెట్టకు. ఆ దుప్పటి ఒకసారి ఉతుకు. ఆదివారం తొమ్మిదిలోపు ఫోను చెయ్యి, తర్వాత తాతయ్య పడుకుంటారు. జెర్రిపోతేలే, కంగారు పడకు. ఎలా తోలామో ఫోనులో చెప్తాను.

అమ్మ