మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025–26: దెబ్బలు తగిలిన పిల్లల కోసం ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం. వీధి దీపాలు, నీళ్ల ట్యాంకు, వినాయక చవితి చందాల లెక్కలు నోటీసు బోర్డులో పెట్టేశాం, తీరిగ్గా చూసుకోండి. ఈసారి నివేదికంతా దాదాపు యాక్సిడెంట్ ట్రైనింగ్ గురించే. హైదరాబాద్–విజయవాడ హైవే మన గుమ్మం ముందే ఉంది, స్కూలు బస్సులు రోజూ దాన్ని దాటాల్సిందే. 2014 జూలై 24న మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో స్కూలు బస్సును రైలు గుద్దిన సంగతి ఎవరం మర్చిపోలేదు. అలా ఒకేసారి అంతమంది పిల్లలు పడి ఉంటే ముందు ఎవర్ని ఎత్తాలి?

దీనికి సమాధానం చెప్పడానికి ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే ఒక డాక్టరు గారు వచ్చారు, పైసా తీసుకోలేదు. ఎవరికి ముందు వైద్యం అందాలో దెబ్బను బట్టి తేల్చే ఈ పద్ధతి పేరు ట్రయాజ్. వెంటనే పంపాల్సిన వాళ్లకి ఎరుపు, కాస్త ఆగగలిగిన వాళ్లకి పసుపు, నడవగలిగిన వాళ్లకి ఆకుపచ్చ, ఇక చేయగలిగింది లేకపోతే నలుపు. పెద్దవాళ్లకైతే గాలి దారి సరిచేసినా ఊపిరి రాకపోతే నలుపే. పిల్లల దగ్గర మాత్రం అక్కడితో వదిలేయరు. వాళ్లకి సాధారణంగా ఊపిరి ముందు ఆగుతుంది, గుండె తర్వాత ఆగుతుంది. అందుకే నాడి తగులుతుంటే ఐదుసార్లు ఊపిరి ఊది చూడాలి, శ్వాస మొదలైతే ఎరుపు. 1995లో లూ రోమిగ్ అనే అమెరికా పిల్లల డాక్టర్ తయారు చేసిన ఈ పద్ధతిని జంప్‌స్టార్ట్ అంటారు. నిమిషానికి 15 కన్నా తక్కువ, 45 కన్నా ఎక్కువ శ్వాసలు ఉన్నా ఎరుపే.

స్కూలు గ్రౌండులో మాక్ డ్రిల్ పెట్టాం, పిల్లలకి రంగు రిబ్బన్లు, చొక్కాకి చీటీలు. గొంతు చించుకుని ఏడ్చే పిల్లల చుట్టూ మన వాలంటీర్లంతా మూగిపోయారు. గోడ పక్కన ఒక బాబు కదలకుండా పడుకున్నాడు, చీటీ మీద "పిలిస్తే పలకడు" అని రాసి ఉంది, వాడి దగ్గరికి ఎవరూ పోలేదు. "ఏడుస్తున్నాడంటే ఊపిరాడుతున్నట్టే, నోరు మెదపని వాడి దగ్గరికి ముందు పరిగెత్తండి" అన్నారు డాక్టరు గారు. బీపీ బాగుందని కూడా నిశ్చింతగా ఉండొద్దట. పది కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే సుమారు 800 మి.లీ., అందులో పావు వంతు పోయినా బీపీ నిలబడే ఉండొచ్చు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ముందుగా తెలిసేది నాడి వేగం, చల్లబడ్డ చేతులు. ఇంకోటి, చిన్నపిల్లల తల పెద్దది కాబట్టి చదునైన స్ట్రెచర్ మీద పడుకోబెడితే మెడ ముందుకు వంగి గాలి దారి మూసుకుంటుంది. భుజాల కింద మడిచిన టవల్ పెట్టాలి, దుప్పటి కప్పాలి, నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ నీళ్ల మాట దగ్గర మన పెద్దవాళ్లకీ డాక్టరు గారికీ చిన్న వాదనే జరిగింది.

ఇక పెద్ద ఆసుపత్రికి పంపడం. వానాకాలంలో ఆటో గుద్దిన మన పాపని ముందు పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లారు, అక్కడ సీటీ స్కాన్ లేదు. తర్వాత వెళ్లిన చోట డిపాజిట్ కట్టమని కూర్చోబెట్టారు. పాప కోలుకుంది, కానీ ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. డబ్బు కోసం, పోలీసు కాగితాల కోసం ఎమర్జెన్సీ వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత వైద్యం ఇవ్వాలని 2025 మేలో కేంద్రం స్కీము కూడా ప్రకటించింది. వాదించడానికి ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఈ అనుభవంతో ఒక పేజీ చీటీ అచ్చు వేయించాం. దెబ్బ తగిలిన టైము, స్పృహ ఎలా ఉంది, బరువు, ఇచ్చిన మందులు, వాంతులయ్యాయా, తల్లిదండ్రుల ఫోను. 108 వచ్చేలోపు నింపొచ్చు. మొదటి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు అవతలి డాక్టరుతో ఫోన్లో మాట్లాడించండి: న్యూరోసర్జన్ ఉన్నారా, పిల్లల ఐసీయూలో బెడ్ ఉందా? ముందు ఊపిరి, రక్తస్రావం అదుపులోకి రావాలి, ఆ తర్వాతే బండి కదలాలి. మొదటి ఆసుపత్రి వాళ్లు ఎలాగూ ఆపరేషన్ చేయలేనప్పుడు అక్కడే స్కాన్ల కోసం టైము పోగొట్టొద్దు.

సాయం చేసినవాళ్లని పోలీసులు పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కింద వచ్చిన నిబంధనలు చెప్పేది అదే. భయపడకండి.

వచ్చే ఏడాది స్కూలు బస్సు డ్రైవర్లు, ఆయాలకి ఇదే ట్రైనింగ్. పాత దుప్పట్లు, టవళ్లు ఉతికి ఆఫీసులో ఇవ్వండి. వాలంటీర్ల జాబితాకి పేర్లు కావాలి, దయచేసి రాత్రిపూట ఫోను ఎత్తేవాళ్లే ఇవ్వండి.