రీసెట్ బటన్‌తో నా సిస్టమ్‌ని లేపిన పెద్దాయనకి

రాత్రి పదకొండున్నర దాటింది. కళ్ళు మండుతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు.

శ్రీకాకుళంలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ట్యూషన్ల క్వశ్చన్ పేపర్లు చేస్తాను. సోమవారం పొద్దున్న బటన్ నొక్కితే సిస్టమ్ ఆన్ కాలేదు. ఫ్యాన్ తిరగలేదు, ఒక్క బీప్ కూడా లేదు. లోపల ఏడు శుభలేఖలున్నాయి. వాటిలో గార ఊరి వాళ్ళది గురువారానికి ప్రింటుకి వెళ్ళాలి. బ్యాకప్ లేదు. తప్పు నాదే, తిట్టేవాళ్ళు తిట్టండి.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే చూసినందుకే 350 కట్టించుకున్నారు. రెండు రోజులు ఉంచుకుని, మదర్‌బోర్డు పోయింది, ఈ మోడల్ ఇప్పుడు దొరకదు, కొత్త సిస్టమ్ కొనుక్కోండి అన్నారు. డేటా కావాలంటే దానికి వేరే నాలుగున్నర వేలట. మా మరిది లాప్‌టాప్ తెచ్చిచ్చాడు గానీ, ఫైళ్ళన్నీ చచ్చిన సిస్టమ్‌లోనే. మెయిల్లో దొరికిన ఒక్క పాత ఫైలూ తెలుగు అక్షరాలకి మేం వాడే అను ఫాంట్లు ఆ లాప్‌టాప్‌లో లేక పిచ్చి గీతల్లా తెరుచుకుంది.

బుధవారం చీకటి పడే వేళకి క్యాబినెట్‌ని స్కూటీ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. ఒక ఆటో అన్న "ఆ సందులో మిక్సీలు బాగుచేసే ఆయన ఇవి కూడా చూస్తారమ్మా" అన్నాడు. వెళ్ళేసరికి షట్టర్ సగం దించేశారు. నన్ను చూసి మళ్ళీ ఎత్తారు.

"ఏటమ్మా, అంత గాబరా ఏటి? ముందు కూకోండి."

ఆయన నా ముఖం వైపు చూడలేదు. టేబుల్ ఫ్యాన్ నా వైపు తిప్పి, క్యాబినెట్ వైపు తిరిగారు. సైడు డోరు స్క్రూ మీద వేలితో రాసి, ఆ వేలు నాకు చూపించారు. నల్లటి దుమ్ము. "దీన్ని ఎవరూ ఇప్పలేదమ్మా." నా 350 రూపాయలు ఎక్కడికి పోయాయో అప్పుడు అర్థమైంది. సిస్టమ్ మీద బతికేవాళ్ళం ఇలా ఎన్నిసార్లు మోసపోతామో, ఎవరికి చెప్పుకోవాలో!

డోరు తీసి కరెంటు ఇస్తే బోర్డు మీద చిన్న పచ్చలైటు వెలిగింది. "చూశారా, ప్రాణం ఉంది" అన్నారు. సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా (ఎస్‌ఎంపీఎస్) పెద్ద కనెక్టర్ ఊడదీసి, పచ్చ వైరునీ ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలిపారు. దాని ఫ్యాన్ తిరిగింది, అంటే అదీ బాగానే ఉంది. కనెక్టర్ మళ్ళీ పెట్టి, బోర్డు మూలన ముందు బటన్ల వైర్లు వచ్చే పిన్నుల్లోంచి పవర్ స్విచ్ వైరు పీకేశారు. ఒక స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి "ఈ రెండు పిన్నులకీ ఒక్క సెకను తాకించండి. మీరే" అన్నారు. నా చెయ్యి వణికింది. తాకించగానే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, ఒక బీప్. మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి ఆపుకోలేదు.

పోయింది బోర్డు కాదు, ముందున్న బటన్. అంతే! రీసెట్ స్విచ్ వైరు తీసి ఆ పవర్ పిన్నులకే గుచ్చారు. ఇకనుంచి రీసెట్ నొక్కితే ఆన్ అవుతుంది. టైము తప్పు చూపిస్తోందని లోపలి బిళ్ళ బ్యాటరీ కూడా మార్చారు. తీసుకున్నది ఆ బ్యాటరీ డబ్బులు నలభై రూపాయలే. వంద పెడితే అరవై వెనక్కిచ్చి "బటన్‌కి డబ్బులేటమ్మా" అన్నారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. పొద్దున్న గార వాళ్ళ శుభలేఖ ఓపెన్ చేస్తే, పైన శ్రీ సూర్యనారాయణస్వామి ప్రసన్న అన్న అక్షరాలు ఒక్కటీ చెదరకుండా కనిపించాయి. ఆయనకి దండం పెట్టుకోవాలనిపించింది. స్వామికి కాదు, ఆ పెద్దాయనకి. స్వామికి ఆదివారం అరసవల్లి వెళ్ళి చెప్పుకుంటాను.

మా ఆయన, అత్తయ్య, పిల్లలు ఈ నాలుగు రోజులూ వంటా షాపూ చూసుకున్నారు. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ ఏముంది.

అయ్యో, ఆ ఆటో అన్నని మర్చిపోయాను, థాంక్స్ అన్నా. క్యాబినెట్ దింపడానికి చెయ్యి వేసిన టిఫిన్ బండి కుర్రాడికి కూడా. ఒక రోజు ఆగుతామన్న ట్యూషన్ మాస్టారికి కూడా.

ఇంకోటి. ఇప్పుడే చూశాను, ఆయన స్క్రూడ్రైవర్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. పొద్దున్నే వెళ్ళి ఇచ్చి రావాలి.