కమిషనర్ గారూ, మా అర్జీ పరిష్కారమైందట!

గౌరవనీయులైన పురపాలక సంఘం కమిషనర్ గారికి,

నమస్కారం.

మా వీధి మురుగు కాలువ మీద పెట్టిన అర్జీ పరిష్కారమైందని మొన్న నా ఫోనుకు సందేశం వచ్చింది. మీ స్పందన పట్ల సంతృప్తి చెందారా అని కూడా అందులోనే అడిగారు. గుమ్మం దాటి వెళ్లి చూశాను. కాలువలో నీరు ఎక్కడిది అక్కడే ఉంది. రుజువుగా జతచేసిన ఫొటో కూడా చూశాను. అది శుభ్రమైన కాలువే, అందులో అనుమానం లేదు. కాకపోతే పక్క వీధిది. వెనకాల కనిపిస్తున్న నీలం రంగు గేటు మా వీధిలో ఏ ఇంటికీ లేదు.

సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ, వార్డు సచివాలయంలో ఇచ్చిన అర్జీ, తమరు వార్డు పర్యటనకు వచ్చినప్పుడు స్వయంగా చేతికి ఇచ్చిన అర్జీ, అన్నీ ఎక్కడా ఆగకుండా ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు సాఫీగా వెళ్లాయి. కదలనిది కాలువలో నీరొక్కటే. అందుకే ఇలా నలుగురిలో పెట్టి రాయవలసి వచ్చింది. మన్నించండి.

కాలువ ఎక్కడ పూడిందో మీ సిబ్బందికి తెలుసు. మూలమలుపు దగ్గర వాహనాలు తిరగడానికి వీలుగా ఉంటుందని కాలువ మీద సుమారు నలభై అడుగుల పొడవున స్లాబు పోశారు. పోసినవారు తీసి శుభ్రం చేయడానికి ఎక్కడా ఒక్క మూత పెట్టలేదు. కార్మికులు పారలతో వస్తారు, స్లాబు మొదలయ్యేదాకా తీస్తారు, అవతలి వైపుకు వెళ్లి అక్కడి నుంచి తీస్తారు. మధ్యలో ఉన్నది మధ్యలోనే ఉంటుంది. వెదురు బద్ద ఇటు నుంచి దూర్చినా, అటు నుంచి దూర్చినా సగం వెళ్లి ఆగిపోతుంది. మాది డెల్టా ఊరు, బల్లపరుపు నేల. కాలువకు ఉండే వాలే అంతంత మాత్రం. అడుగున జానెడు పూడిక చేరితే నీరు ముందుకు పోవడం మానేసి ఇళ్ల వైపు చూస్తుంది. దీనికి తోడు పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు వేశారు. ఇప్పుడు రోడ్డు మా అరుగుల కంటే ఎత్తు.

తమరి నివాసంలో ఈ అనుభవం ఉండి ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా ఇంటి చాంబరు నుంచి కాలువలోకి వెళ్లే గొట్టం పూర్తిగా నీటిలో మునిగి ఉంది. పై వాటాలో వాళ్లు స్నానం చేస్తే కింద మా బాత్రూము జాలీలోంచి నీరు పైకి తన్నుతుంది. అందులో నురగ వాళ్ల సబ్బుది, నలుపు మునిసిపాలిటీది. చాంబరు మూత తీస్తే గంజి, నూనె జిడ్డు కలిసి మీగడలా పొర కట్టి ఉంటుంది. దాని కింద బుడగలు. బొద్దింకలు మూత అంచు పట్టుకుని పైకి వస్తాయి. ఎవరి నీరు ఎవరి ఇంట్లోకి వస్తోందన్న దాని మీద మా వీధిలో మాటలు మానేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. చివరికి బట్టలు ఉతుక్కోవడానికి వంతులు వేసుకున్నాం. బియ్యం కడిగిన నీళ్లు బక్కెట్లో పట్టి చెట్లకు పోస్తున్నాం. పెళ్లిచూపులు పెట్టుకున్న ఒక ఇంటివాళ్లు వచ్చేవాళ్లను ఊళ్లోనే మరో బంధువు ఇంటికి రమ్మన్నారు. దీన్ని అర్జీలో ఏ గడిలో నింపాలో తెలియక వదిలేశాను.

ఇక తీసిన పూడిక సంగతి. కాలువలోంచి తీసింది ఒడ్డునే కుప్పలు పెడతారు. తడిది తడిగానే ట్రాక్టరులోకి ఎత్తితే దారంతా కారుతుందని మేస్త్రీ చెప్పారు. నిజమే, ఒప్పుకుంటాను. ఒక రోజు ఆరనివ్వండి, రెండు రోజులు ఆరనివ్వండి. కానీ ఆరిన తర్వాత ట్రాక్టరు రాదే! పిల్లలు దాని మీదుగా నడుస్తారు, స్కూటర్లు దాన్ని చీల్చుకుంటూ పోతాయి, ఆవులు కెలుకుతాయి. ఆ తర్వాత ఒక వాన పడుతుంది, మట్టి మొత్తం తిరిగి కాలువలోకి చేరుతుంది. అదే పూడికను మళ్లీ తీస్తారు, మళ్లీ బిల్లు అవుతుంది. ఒకే మట్టికి ఇన్నిసార్లు డబ్బు పెట్టే పట్టణం మనది ఒక్కటే కాదులెండి. ఆ మాటతో నాకు ఊరట రాలేదు.

అన్నిటికంటే బాధ పెట్టిన మాట ఇంకొకటి ఉంది. మీ పారిశుద్ధ్య విభాగం వారు ఎంతో మర్యాదగా, "ఎవరినైనా కూలికి పెట్టి లోపలికి దింపి తీయించుకోండి, ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు" అని సలహా ఇచ్చారు. అయ్యా, మనిషిని మురుగులోకి దింపడం తగదని 2013లోనే పార్లమెంటు చట్టం చేసింది. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకో భూగర్భ మురుగు గొట్టంలోకో మనిషిని దింపితే, దింపినవారికి మొదటిసారే రెండేళ్ల వరకు జైలు. మురుగులో ప్రాణం పోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. అంతదాకా వచ్చిందంటే ఎంతమంది పోయి ఉంటారో ఆలోచించండి. నలభై అడుగుల చీకటి స్లాబు కిందికి, మరుగుదొడ్ల నీరు కూడా కలిసిన బురదలోకి, రోజుకూలి కోసం వచ్చిన వాడిని పంపమని నాకు చెబుతున్నారా? ఆ స్లాబుకు మూతలు పెట్టని మీ ఇంజనీరుకు చెప్పండి ఆ సలహా. నీటిని ఒత్తిడితో కొట్టి పూడిక వదిలించే జెట్టింగ్ యంత్రం ఉంది కదా అంటే, అది పెద్ద లైన్లకేనట. మా మురుగు అంత పెద్దది కాదు కాబోలు.

పార పట్టే కార్మికుల మీద నాకు ఫిర్యాదు లేదు. చేతి తొడుగులు చిరిగి వేళ్లు బయటికి వచ్చినా వాళ్లు వచ్చి తమ పని తాము చేసి పోతున్నారు. కాలువలో క్యారీ బ్యాగులు పారేసే మా వాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోను కూడా. జరిమానా వేయండి, సంతోషిస్తాం. కానీ క్యారీ బ్యాగు స్లాబు పోయలేదు.

శుక్రవారం డ్రై డే, అంటే నీటి నిల్వలు పారబోసే రోజు అని ఆరోగ్య సిబ్బంది వస్తారు. మా పూలకుండీ కింది పళ్లెంలో నీళ్లు పారబోయిస్తారు, ఫ్రిజ్ వెనక చూస్తారు, గోడ మీద తేదీ వేస్తారు. డెంగ్యూ దోమ మంచినీళ్లలో పెరుగుతుంది, వాళ్లు చెప్పింది సరైనదే. మరి బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ పెరిగేది మురుగు నీటిలోనే కదా! వాళ్లు ఆ మురుగును దాటుకునే మా ఇంట్లోకి వస్తున్నారు. బోదకాలు మాత్రలు మాకు బుద్ధిగా మింగిస్తున్నారు. దోమను మాత్రం గుమ్మం ముందే పెంచుతున్నారు.

ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తి పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ అన్నారు. కట్టాం. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ అంటారు. మా కాలువ ఆలస్యానికి నెలకు ఎంత శాతమో కూడా తమరే నిర్ణయించండి. మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో తమరు చీపురు పట్టిన ఫొటో చూశాం. చోటు బాగా ఎంచుకున్నారు, ముందు రోజే ఊడ్చి ఉంది. వచ్చే మూడో శనివారం మా మూలమలుపుకు రండి, చీపురు అక్కర్లేదు.

మాకు కావలసింది ఆ స్లాబు తెరవడం. మూడు నాలుగు చోట్ల కొట్టి, యంత్రంతో పూడిక తీయించి, ఎత్తడానికి వీలున్న మూతలు పెట్టించండి. తీసిన మట్టి వాన పడక ముందే ఎత్తించండి. కాలువ వాలు ఎటు ఉందో ఒకసారి కొలిపించండి. కనీసం అర్జీని "పరిష్కారమైంది" నుంచి "పెండింగు"కు మార్చండి, అబద్ధమైనా తగ్గుతుంది. స్లాబు తెరిపించండి అని మళ్లీ వేడుకుంటున్నాను.

మనుషులను పంపేటట్టయితే ఉదయం ఏడు లోపే పంపండి. ఏడున్నర దాటితే స్కూలు ఆటోలతో మూలమలుపు నిండిపోతుంది. స్లాబు కొట్టే యంత్రానికి కరెంటు కావాలంటే మా ఇంటి నుంచి ఇస్తాను.

ఇట్లు,
తమ పట్టణ పన్ను చెల్లింపుదారు